ఇనుమూ క్రోమియమూ విడిపోయే లెక్క

ఆవిడ ఆ ఫౌండ్రీలో చేరిన రోజున కూర్చోవడానికి చోటు లేదు. పరీక్షల హాలు పక్కనున్న సామాను గదిలోంచి పగిలిన అచ్చులూ తుప్పు పట్టిన గొలుసులూ బయటికి లాగించి, ఒక బల్లా ఒక కంప్యూటరూ వేయించి, "ప్రస్తుతానికి సర్దుకోండమ్మా, వచ్చే నెల మంచి గది చూద్దాం" అన్నాడు ల్యాబ్ అధికారి. అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. ఆవిడ అక్కడ ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆ వచ్చే నెల మాత్రం రాలేదు.

గోడకి అవతల సుత్తి మెషీను ఉండేది. మనిషెత్తు స్టాండుకి వేలాడే బరువైన సుత్తిని పైకెత్తి వదిలితే, అది ఊగుతూ కిందికొచ్చి, గాటు పెట్టి నిలబెట్టిన వేలెడంత ఉక్కు ముక్కను విరగ్గొట్టి అవతలి పక్కకి లేస్తుంది. మంచి ముక్కయితే సుత్తి బలమంతా తనే తినేస్తుంది. పెళుసు ముక్కయితే సుత్తి అడ్డే లేనట్టు ఎగిరిపోతుంది. ముక్క ఎంత బలం తిన్నదో పక్కనున్న ముల్లు చూపిస్తుంది. దెబ్బ పడ్డప్పుడల్లా ఆవిడ బల్ల మీద పెన్ను దొర్లి కింద పడేది. మొదటి వారంలోనే పెన్నుకి రబ్బరు బ్యాండు చుట్టడం నేర్చుకుంది.

ఆ మెషీను నడిపే పెద్దమనిషిని చిన్నా పెద్దా అందరూ "సుత్తి బాబాయ్" అనేవాళ్లు. మెషీను వల్ల వచ్చిన పేరో, నోటి వల్ల వచ్చిన పేరో తనకీ తెలియదని ఆయనే చెప్పుకునేవాడు. మాట మొదలుపెడితే టీ చల్లారేదాకా ఆపడు. ఆవిడేమో అవసరమైతే తప్ప నోరు విప్పదు. బహుశా అందుకే ఇద్దరికీ కుదిరింది.

ఆవిడకి ఒక పేరు పడింది: మచ్చల మేడం. ఆవిడ కంప్యూటరు రోజంతా లెక్క కట్టి చివరికి ఒక బొమ్మ అచ్చువేసేది. తెలుపులో నలుపు, నలుపులో తెలుపు, మెలికలు తిరిగిన మచ్చలు. గది గోడల నిండా అవే. కొత్తగా చేరిన గేటు కాపలాదారు ఒకతను ఈ పేరు విని, ఆవిడ చర్మం డాక్టరేమో అనుకుని, తన భార్య చెంప మీద మచ్చకి మందు అడిగాడు. ఆవిడ నవ్వలేదు. అలాంటి మచ్చకి ఎండలోకి వెళ్లేటప్పుడు గొడుగు వేసుకోమనండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి అని చెప్పి పంపింది. ఆ కథ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి నడిచింది.

ఒకరోజు టీ గ్లాసులు రెండు పట్టుకుని బాబాయ్ వచ్చి, బొమ్మలకేసి చూస్తూ అడిగాడు.

"ఏం లెక్కమ్మా ఇది? వచ్చినప్పటి నుంచీ ఇవే మచ్చలు. నీకు విసుగు రాదేమో గానీ గోడకి వస్తుంది."

"నీళ్లలో సిరా చుక్క వేస్తే ఏమవుతుంది బాబాయ్?"

"కలిసిపోతుంది."

"ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోతుంది. లోకంలో అన్నీ అలాగే పోతాయనుకుంటాం. మన ఉక్కులో ఇనుమూ క్రోమియమూ కరిగినప్పుడు చక్కగా కలుస్తాయి. చల్లారాక కూడా అలాగే ఉంటాయి. కానీ ఒక మోస్తరు వేడిలో ఏళ్ల తరబడి ఉంచితే ఎదురు నడుస్తాయి. క్రోమియం తక్కువున్న చోటు నుంచి ఎక్కువున్న చోటికే పోతుంది."

"నిండిన హోటలుకే జనం పోయినట్టు."

"అచ్చం అంతే. ఎక్కడో ఒకచోట మొదలవదు. ముక్క అంతటా ఒకేసారి, కంటికి కనపడని తేడా కాస్త కాస్త పెరుగుతుంది."

"మరి అలాగైతే అణువు అణువూ విడిపోయి పిండిపిండి అయిపోవాలిగా?"

ఆ ప్రశ్న విని ఆవిడ గ్లాసు కింద పెట్టింది. అప్పటిదాకా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "అవదు. రెండు రకాల మధ్య ఎక్కడ సరిహద్దు పడినా దానికి ఖర్చుంది. ఆ ఖర్చు మరీ సన్నగా చీలనివ్వదు. విడదీసే బలం ఒకటి, ఆ ఖర్చు ఒకటి. రెంటినీ కలిపి రాస్తే వచ్చే సమీకరణమే నేను చేసేది. ఏళ్లు గడిచేకొద్దీ ముక్కలో మచ్చలు ఎలా పెరుగుతాయో అది చెబుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. మొత్తం క్రోమియం మారదు. ఇటు పోతుంది, అటు పోతుంది, కొత్తగా పుట్టదు, పోదు."

"విడిపోతే మనకేంటి నష్టం?"

"పెళుసు అవుతుంది. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. దెబ్బ తగిలితే గాజులా పోతుంది."

ఫౌండ్రీలో పోసేవి వేడి నీళ్లు తోడే పెద్ద పెద్ద పంపుల బాడీలు. కంపెనీ పుస్తకంలో ముప్ఫై ఏళ్లు పనిచేస్తాయని రాసుంది. ఆ ముప్ఫై ఎక్కడి నుంచి వచ్చిందని ఆవిడ అడిగితే, ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఎవరో ఎప్పుడో రాశారు, అంతే.

ఆవిడ ఇల్లు ఫౌండ్రీకి నాలుగు స్టాపుల దూరం. రెండో అంతస్తులో రెండు గదులు. తల్లీ తనూ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. చెల్లెలికి పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. ఆవిడకీ ముప్ఫై మూడో ఏట ఒక సంబంధం వచ్చింది. సర్వే శాఖలో ఉద్యోగి, నెమ్మదస్తుడు. మూడుసార్లు కలిసి మాట్లాడుకున్నారు. మూడోసారి అతను, "మీరు మాట్లాడుతూ మధ్యలో ఎక్కడికో వెళ్లిపోతారండీ, నేను ఎదురుగానే ఉంటాను" అన్నాడు. కోపంగా అనలేదు. ఆవిడకి ఆ మాట నిజమే అనిపించింది. తర్వాత అతను కబురు చేయలేదు, ఆవిడా చేయలేదు.

రోజూ సాయంత్రం భోజనానికి కూర్చోగానే తల్లి ఒకే ప్రశ్న వేసేది. "ఇవాళైనా విడిపోయాయా మీ ఇనుమూ క్రోమియమూ?"

"ఇంకా లేదమ్మా."

"పోనీలే. కలిసుంటే కలదు సుఖం."

ఆ పెద్దావిడకి చదువు అయిదో తరగతి. కూతురి పని ఏమిటో తెలియదు. అయినా తొమ్మిదేళ్లపాటు ఒక్కరోజు మానకుండా అడిగింది. తొమ్మిదో ఏట చలికాలంలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. చెల్లెలు వచ్చి పదిహేను రోజులుండి వెళ్లింది. పదహారో రోజు సాయంత్రం ఆవిడ కంచం ముందు కూర్చుని, చాలాసేపు ఎవరో అడగాల్సింది అడగకుండా ఉన్నట్టు ఎదురుచూసింది. తర్వాత రేడియో పెట్టింది. అందులో పంటల ధరలు చెబుతున్నారు. తనకి అక్కర్లేకపోయినా అవి చివరిదాకా విన్నది.

ఆ తర్వాతి ఏడాదే లెక్క ఒక కొలిక్కి వచ్చింది. పదిహేడేళ్లు. ముప్ఫై కాదు, పదిహేడేళ్లకే పంపు బాడీ పెళుసెక్కుతుంది. కాగితం పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లజోడు తుడుచుకుని మొత్తం చదివాడు.

"బొమ్మ చూపించి బేరం ఆపమంటే ఎవరు ఆపుతారమ్మా? ముక్క చెప్పాలి."

"ముక్కతోనే చెప్పిద్దామండీ. ఓవెన్‌లో ఇంకాస్త ఎక్కువ వేడి పెడితే పంపులో ఏళ్లు పట్టేది నెలల్లో జరుగుతుంది. ఇరవై వేల గంటలు చాలు."

"అంటే?"

"రెండేళ్ల మూడు నెలలు. కాస్త అటూ ఇటూ."

ఆయన నిట్టూర్చి సంతకం పెట్టాడు. నలభై ముక్కలు ఓవెన్‌లోకి వెళ్లాయి. రెండు వేల గంటలకోసారి నాలుగు ముక్కలు బయటికి తీసి సుత్తి కింద పెట్టాలి. ఓవెన్ రిజిస్టరు బాబాయ్ పేరు మీద ఉండేది. ఆదివారాలు కూడా ఆవిడ వచ్చి వేడి చూసి వెళ్లేది. రిజిస్టరులో అంకె వేశాక ఇంకో పని లేకపోయినా, ఖాళీ హాలులో ఓవెన్ పక్కన స్టూలు వేసుకుని కాసేపు కూర్చునేది. ఇంట్లో కంటే అక్కడ వెచ్చగా ఉండేది.

మొదటి నాలుగు ముక్కలూ బాగా బలం తిన్నాయి. ఎనిమిది ముక్కలైనా పెద్ద మార్పు లేదు. క్యాంటీన్‌లో జోకులు మొదలయ్యాయి. "మేడం గారి విడాకుల కేసు ఇంకా వాయిదాల్లోనే ఉందట" అనేవాళ్లు. ఆవిడకి వినపడేలా అనేవాళ్లు కాదు గాని, క్యాంటీన్ చిన్నది.

అయిదో విడత ముక్కలు విరిచేనాటికి పధ్నాలుగు నెలలు గడిచాయి. ముక్కలు నెమ్మదిగా బలహీనపడుతున్నాయి, అది నిజమే. సరిగ్గా ఆ సమయంలోనే ఒక కర్మాగారంలో పదమూడేళ్లు పనిచేసిన పంపు బాడీ పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఒక్క వారంలో ల్యాబ్ గాలి మారిపోయింది. జోకులు వేసినవాళ్లే "మేడం ఎప్పుడో చెప్పారు" అనడం మొదలుపెట్టారు. క్యాంటీన్‌లో ఆవిడకి కుర్చీ జరిపారు. పెద్దసారు పంపులు కొన్నవాళ్లందరినీ పిలిచి పెద్ద సమావేశం పెట్టించాడు. వేదిక మీద ఆవిడ మాట్లాడాలి.

పగిలిన ముక్క ల్యాబ్‌కి వచ్చింది. బాబాయ్ దాన్ని వెలుతురులో తిప్పి చూసి ఆవిడ గదికి తెచ్చాడు.

"ఇది నీ మచ్చల పని కాదమ్మా. చూడు, లోపల బొక్క. పోత పోసినప్పుడే గాలి చిక్కుకుంది. వేడికీ దీనికీ సంబంధం లేదు."

ఆవిడ చూసింది. నిజమే. కానీ ఆవిడని అంతకంటే పెద్ద సంగతి తినేస్తోంది. గోడకున్న గ్రాఫు చూపించింది. లెక్క చెప్పిన గీత ఒకటి, విరిగిన ముక్కల చుక్కలు ఇరవై.

"ఎటున్నాయి బాబాయ్ చుక్కలు?"

"గీతకి పైన. లెక్క చెప్పినదానికంటే ముక్కలు గట్టిగానే ఉన్నాయి."

"ఎన్ని?"

ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. "అన్నీ."

"ఒకటో రెండో అయితే కొలతలో పొరపాటు. ఇరవైకి ఇరవై ఒకే పక్కనుంటే తప్పు నాది."

సమావేశానికి అయిదు రోజులుంది. ఆవిడ లెక్కను మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. పదేళ్ల కిందట తను రాసినదే, ఎవరో పరాయివాళ్ల ఉత్తరంలా చదివింది. నాలుగో రోజు మధ్యాహ్నం దొరికింది. లెక్కలో ఆవిడ ఉక్కు ముక్కని ఒక పెట్టెలా తీసుకుంది; ఆ పెట్టె అంచుల దగ్గర సమీకరణంలో ఒక పదానికి ప్లస్ బదులు మైనస్ గుర్తు పడింది. దానివల్ల అడుగడుక్కీ రవ్వంత క్రోమియం అంచులోంచి లోపలికి వస్తోంది. చిన్న లెక్కల్లో తేడా తెలియదు. ఏళ్లకి ఏళ్లు నడిపించే పెద్ద లెక్కలో అది పోగుపడి, విడిపోవడం అసలుకంటే తొందరగా జరిగినట్టు చూపించింది. దిద్ది మళ్లీ నడిపిస్తే పదిహేడు కాస్తా ఇరవై నాలుగయింది. చుక్కలు గీత మీదికొచ్చి కూర్చున్నాయి.

బాబాయ్‌కి చెబితే, "పదేళ్లుగా ఊరికే క్రోమియం పుట్టిస్తున్నావన్నమాట. ముందే చెబితే గని పెట్టుకునేవాళ్లం కదమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వెంటనే మాట ఆపేశాడు. ఆయనంతట ఆయన మాట ఆపడం ఆవిడ చూసింది అదే మొదటిసారి.

పెద్దసారు మొత్తం విన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"పగిలిన ముక్క ఉంది. ముక్కలు బలహీనపడుతున్నాయి. మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదండీ. అందుకే చెప్పాల్సొచ్చింది."

"నిన్నటిదాకా పదిహేడు. ఇవాళ ఇరవై నాలుగు. రేపు నలభై అనరని ఏమిటి నమ్మకం?"

"నన్ను నమ్మొద్దండీ. ఓవెన్ మాత్రం ఆపకండి. ఇంకో ఇరవై ముక్కలున్నాయి."

సమావేశం రద్దయింది. ఆవిడని లెక్క నుంచి తప్పించి సర్టిఫికెట్ల బల్లకి మార్చారు. వచ్చిన కొలతలు చూసి, ముద్ర వేసి, దస్తరంలో పెట్టే పని. క్యాంటీన్‌లో కుర్చీలు మళ్లీ ఎక్కడివక్కడికి చేరాయి. ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి "ఏంటక్కా విశేషాలు" అంటే, "ఏం లేవు" అనేది. చెప్పాలంటే అంచుల సంగతి చెప్పాలి, అంచుల సంగతి చెప్పాలంటే అసలు లెక్క చెప్పాలి. అవతల కుక్కరు కూత వినపడుతూ ఉండేది.

పెద్దసారు ఓవెన్ గురించి ఏమీ చెప్పలేదు. ఆపమని గాని, నడపమని గాని అనలేదు. ఏమీ చెప్పనప్పుడు పాత ఉత్తర్వే చెల్లుతుందని బాబాయ్ వాదన. రెండు వేల గంటలకోసారి నాలుగు ముక్కలు తీసి, విరిచి, అంకెలు చీటీ మీద రాసి ఆవిడ సర్టిఫికెట్ల కింద పెట్టి పోయేవాడు. ఆవిడ చుక్క పెట్టుకునేది. చుక్కలు గీతను వదల్లేదు.

చివరి నాలుగు ముక్కలు ఇంకా ఓవెన్‌లో ఉండగానే ఆయన పదవీ విరమణ వచ్చింది. వెళ్లే ముందు వారం రోజులు సాయంత్రాలు ఆవిడకి మెషీను నేర్పాడు. "సుత్తి వదిలేటప్పుడు ఊపిరి బిగబట్టకు. అది నీ మీద ఆధారపడి లేదు. ఊరికే వదిలెయ్యి." ఆయన స్థానంలోకి రావాల్సినతను అప్పటికింకా వేరే విభాగంలో శిక్షణలో ఉన్నాడు.

ఇరవై వేల గంటలు ఒక శనివారం పొద్దున పదింటికి నిండాయి. ల్యాబ్‌కి సెలవు. ఆవిడ ముక్కలు తీసి, చల్లారనిచ్చి, మొదటిది నిలబెట్టి, సుత్తి వదిలింది. ఇన్నేళ్లూ గోడ అవతలి నుంచి విన్న చప్పుడు కాదది. పొడిగా, చిన్నగా, కర్ర విరిగినట్టు వచ్చింది. సుత్తి అవతలి పక్కకి ఎగిరిపోయింది. విరిగిన చోట మామూలుగా ఉండే బూడిదరంగు నార లేదు, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ముల్లు ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. మంచి ముక్క రెండు వందలు దాటాలి. తక్కిన మూడూ అంతే. చుక్కలు పెట్టింది. నాలుగూ గీత మీదే పడ్డాయి.

హాలు ఖాళీగా ఉంది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆఫీసు ఫోన్ దగ్గరికి వెళ్లి బాబాయ్ ఇంటికి చేసింది. కోడలు ఎత్తి, "మావయ్యగారికి సరిగ్గా వినపడదండీ, గట్టిగా మాట్లాడండి" అని ఇచ్చింది.

"విరిగిందా?" అన్నాడాయన, ఎవరని కూడా అడక్కుండా.

"విరిగింది బాబాయ్."

"ఎంత?"

"ముప్ఫై ఒకటి."

"చప్పుడు?"

"పొడిగా వచ్చింది."

"ఊ." అన్నాడాయన. తర్వాత, "తిన్నావా?" అన్నాడు.

"లేదు."

"తినమ్మా ముందు" అన్నాడు.

ఆవిడ రాసిన నివేదిక ఎనిమిది నెలలు బల్లల మీద తిరిగింది. చివరికి పుస్తకం కొత్త ముద్రణలో ముప్ఫై ఏళ్లు అన్నచోట, ఆవిడ చెప్పిన ఇరవై నాలుగులో జాగ్రత్తకి రెండేళ్లు తగ్గించి, ఇరవై రెండు అని మారింది. పెద్దసారు ఆ పేజీ తనే తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, "మీదే" అని ఒక్క మాట అని వెళ్లాడు. పుస్తకంలో ఎవరి పేర్లూ ఉండవు. ఆ తర్వాతి ఏళ్లలో రకరకాల కర్మాగారాల్లో పాత పంపు బాడీలు దింపేశారు. బాగానే ఉన్నవాటిని ఎందుకు మారుస్తున్నారని అక్కడి పనివాళ్లు విసుక్కున్నారట. పగలని పంపు గురించి ఎవరూ ఉత్తరం రాయరు. ఆవిడకీ రాలేదు.

బాబాయ్ ఆ మరుసటి ఏడు పోయాడు. సంగతి ఆవిడకి నెల తర్వాత, సర్టిఫికెట్ మీద సంతకానికి వచ్చినతను మాటల్లో చెబితే తెలిసింది. ఆ రోజు ముద్ర రెండు కాగితాల మీద తలకిందులుగా పడింది.

ఉద్యోగం అయిపోయాక చెల్లెలు బలవంతం చేసి తన ఇంటికి తీసుకెళ్లింది. నెలరోజులుంది. ఇల్లంతా సందడి. మరిదిగారు మర్యాదస్తుడు, మేనకోడలు చలాకీ. ఎవరూ ఏ లోటూ రానివ్వలేదు. అయినా నెల తిరగ్గానే బయల్దేరతానంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు చెల్లెలు అడిగింది.

"ఒక్కదానివే ఉంటే నీకు దిగులుగా ఉండదా అక్కా?"

"ఉంటుంది."

చెల్లెలు ఆ జవాబుకి సిద్ధంగా లేదు. ఉండదనే చెబుతుందని, దాని మీద వాదించవచ్చని అనుకుంది. "మరి?"

"మరేం లేదు. దిగులేస్తే కాస్త నడిచొస్తాను."

"మా ఇంట్లో ఉన్నప్పుడూ దిగులేనా?"

"మీ ఇంట్లోనూ ఉంది. ఇక్కడైతే దాచుకోవాలి" అంది.

చెల్లెలు చేతిలో ఉన్న సంచీని అక్క భుజానికి తగిలించి, చెంగుతో కళ్లు ఒత్తుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. నెలరోజులు మూసున్న గదులు. కిటికీలు రెండూ తెరిచి, కుళాయి తిప్పి ఎర్రనీళ్లు పోయేదాకా వదిలి, బల్ల మీద దుమ్ము తుడిచింది. సంచీ విప్పితే అడుగున మూడు డబ్బాలున్నాయి. రెండు రోజులకి సరిపడా పెట్టింది చెల్లెలు. పై డబ్బా మీద చీటీ: ఇది ముందు తిను, పాడైపోతుంది. కిటికీ దగ్గర నిలబడి, వీధిలో బడి వదిలిన పిల్లలు వెళ్తుంటే చూస్తూ, ఆ డబ్బా ఖాళీ చేసింది.